ఊడ్చిన యింట ఎవరు నివసింతురు?

మితిమీరిన స్థూలకాయముచేత బాధపడువారికి కడుపును చిన్నది చేయు శస్త్రచికిత్స ఇప్పుడు హైదరాబాదు మొదలైన మన పట్టణములలోను జరుగుచున్నది. మన పల్లె సంఘములలోని కుటుంబములకును ఆ చికిత్స పొందిన బంధువులు ఉండవచ్చును. అట్టివారు కొందరు ఇట్లు అడుగుదురు: "గాయము మానినది, దేహము తేలికపడినది. ఇక పెండ్లినాడో పండుగనాడో ఒక్క గ్లాసు పుచ్చుకొనిన తప్పేమి? ఇతరులు త్రాగుదానిలో నాది సగమైనను లేదు గదా!" ఈ ప్రశ్న వైద్యుని యెదుటనే గాక మనస్సాక్షి యెదుటను నిలువవలసినది.

మొదట మనము మన నోటికి కావలి పెట్టుకొందము. "తిండి మానలేక కడుపు కోయించుకొన్నాడు" అని ఎగతాళి చేయుట క్రైస్తవులకు తగదు. చక్కెర వ్యాధి ముదిరి, మోకాళ్లు అరిగి, నిద్రలో ఊపిరి ఆడక, ప్రాణభయముచేత ఈ చికిత్సకు ఒప్పుకొన్నవారు అనేకులు. లూకా వైద్యుడని పౌలు ప్రేమతో వ్రాసెను. వైద్యుని చేతి నేర్పును దేవుడు ఇచ్చిన వరమే.

అయితే ఆ చికిత్స దేహములో ఏమి చేయునో తెలిసికొనవలెను. 1966వ సంవత్సరమున అమెరికాలోని అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ అను వైద్యుడు ఇందులో ఒక విధమును ఆరంభించెను. ఈనాడు ఆ విధమున కడుపు పైభాగమున కోడిగ్రుడ్డంత చిన్న సంచిని మాత్రము ఉంచి, దానిని తిన్నగా చిన్న ప్రేగుతో కలుపుదురు. మరియొక విధమున కడుపులో నాలుగింట మూడు వంతులు, లేక అంతకు కొంచెము ఎక్కువగా, తీసివేయుదురు. సాధారణముగా మద్యము కడుపులో కొంతసేపు నిలుచును; అందులో కొంత అక్కడనే విరిగిపోవును. మేసన్ ఆరంభించిన విధమున అది నిలువదు. త్రాగిన కొద్ది నిమిషములలోనే ప్రేగునకు చేరి, అక్కడనుండి రక్తములో కలిసిపోవును. ఈ చికిత్స పొందిన స్త్రీలను పరీక్షించి 2015లో అమెరికాలో ప్రకటించిన పరిశోధన ప్రకారము, రెండు గ్లాసుల మద్యము వారి రక్తములో నాలుగు గ్లాసులంత పనిచేసెను. ఇంతేగాక, చికిత్స తరువాత దేహమునకు బి1 విటమిను కొరవడుట కలదు. మద్యము ఆ కొరతను ఇంకను పెంచి మెదడునకును నరములకును చేటు తెచ్చును.

కాబట్టి "ఇతరులు త్రాగుదానిలో సగమే" అను మాట నిలువదు. గ్లాసు సగమైనను దాని పని సగము కాదు. ప్రక్కవాని కొలతతో తన్ను కొలుచుకొనువాడు తన దేహమునే ఎరుగనివాడు. ఒకే వాన రాతినేలమీద కురిసి పారిపోవును, మట్టిగోడమీద కురిసి దానిని కూల్చును. గోడ కూలిన తరువాత, వాన అందరి యిండ్లమీదను ఒకటే గదా అని వాదించి ఏమి లాభము?

మరికొందరు తిమోతిని సాక్షిగా తెత్తురు. అతని కడుపు జబ్బు నిమిత్తము కొంచెము ద్రాక్షారసము పుచ్చుకొనుమని పౌలు చెప్పెను గదా అందురు. నిజమే. కాని ఆ సలహా ఏల చెప్పబడెనో చూడుడి. పౌలు విందును గూర్చి వ్రాయలేదు. బలహీనుడైన యొక యౌవనుని కడుపును గూర్చి తండ్రివలె చింతించి వ్రాసెను. కడుపునకు మేలైనది చేయుమనుటయే ఆ మాటలోని ప్రాణము. ఈ చికిత్స పొందిన కడుపునకు మద్యము మేలు కాదని వైద్యులు హెచ్చరించుచుండగా, పౌలు మాటను నిజముగా గైకొనువాడు గ్లాసును ప్రక్కకు పెట్టును.

ఇంకను లోతైన సంగతి యొకటి కలదు. అమెరికాలోని పది ఆస్పత్రులలో ఈ చికిత్స పొందినవారిని పరిశీలించి 2012లో ప్రకటించిన లెక్క ఇది. మద్యము వలన చిక్కులలో పడినవారు చికిత్సకు ముందటి సంవత్సరము నూటికి 7.6, తరువాతి మొదటి సంవత్సరము 7.3, రెండవ సంవత్సరము 9.6. మొదటి సంవత్సరము అపాయము పెరుగలేదు. గాయము పచ్చిగానున్నప్పుడు మనిషి జాగ్రత్తగానుండును. గాయము మాని, బంధువులు మెచ్చుకొని, వైద్యుని యొద్దకు పోవుట తగ్గిన తరువాత శత్రువు మెల్లగా తలుపు తట్టును. అంతకుముందు ఆ బాధ ఎరుగనివారును కొందరు అందులో చిక్కిరి.

ఇందుకు దేహములో కలిగిన మార్పు ఒక కారణము. దుఃఖము వచ్చినను విసుగు వచ్చినను తిండిలోనే ఓదార్పు వెదకుటకు అలవాటుపడినవారి సంగతియు ఆలోచించుడి. ఆ తలుపు మూయబడినప్పుడు వారి దుఃఖము మరియొక తలుపు వెదకవచ్చును. కత్తి కడుపును చిన్నది చేయగలదు గాని కోరికను చిన్నది చేయలేదు. మన ప్రభువు చెప్పిన ఉపమానము జ్ఞాపకము చేసికొనుడి. దయ్యము విడిచిపోయిన యిల్లు శుభ్రముగానే యుండెను, కాని లోపల ఎవరును లేరు. అది మరి యేడు దయ్యములతో తిరిగివచ్చెను. ఊడ్చుట చాలదు, ఆ యిల్లు నిండవలెను.

దేనితో నింపుదము? ప్రార్థనతోను, పనితోను, నిజము చెప్పుకొనదగిన స్నేహముతోను. ఈ చికిత్సకు వెళ్లువారు తమ త్రాగుడు సంగతి వైద్యునికి దాచక చెప్పవలెను. తరువాతను ఆయన మాటను మీరరాదు. ఇప్పటికే చిక్కుపడినవారు సిగ్గుపడి ఇంట దాగక వైద్యుని యొద్దకు వెళ్లవలెను. బహుగా త్రాగువాడు ఒంటరిగా ఒక్కసారి మానుటయు అపాయమే. సంఘము అట్టివారిని వెలివేయక తోడు నడువవలెను. విందు చేయువారలారా, మీకును ఒక మాట. "మా మొగము చూచి ఒక్క గుక్క" అని బలవంతపెట్టకుడి. మీ మొగమాటము సహోదరునికి అడ్డుబండ కారాదు. అతని చేతికి మజ్జిగ గ్లాసు నిచ్చుట మర్యాదకు లోటు కాదు. అదియే ప్రేమ.

మనలో ప్రతివాని హృదయములోను ఊడ్చి ఖాళీగా విడిచిన గది ఏదో యొకటి కలదు. దానిలో ప్రభువే నివసించునట్లు ఆయన మనకు కృప దయచేయును గాక.