అవ్వ టైరు పలక

మొన్న సంక్రాంతికి బిజినేపల్లిలో మా అక్కయ్య ఇంటికి వెళ్ళాను. పండగపూట ఇంట్లో సకినాల వాసన రావాలిగాని పేటెంటు తగాదా రావడం ఎక్కడైనా విన్నారా? వచ్చింది.

అక్కయ్య కొడుకు ఒక విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు పాఠాలు చెబుతాడు. ఆముదపు కాయలు ఒలిచే చిన్న యంత్రం ఒకటి తయారుచేశాడు. ఇనుము తగిలితే గింజ పగులుతుంది. అందుకని రబ్బరు తొడిగిన రెండు పలకల మధ్య కాయ దొర్లి, పొట్టు మాత్రమే ఊడిపోతుంది. ఆ పేటెంటు దరఖాస్తు తెచ్చి నా ముందు పెట్టాడు.

"చూడు చిన్నమ్మా! మూడేళ్ళు తల బద్దలు కొట్టుకున్నది నేను. హక్కుదారు అన్నచోట యూనివర్సిటీ పేరు. నేను ఉత్త ఆవిష్కర్తని!"

బి.ఏ. తెలుగు చదివినదాన్ని, చట్టాలు నాకేం తెలుస్తాయి? కాని నవలలు రాసేవాళ్ళకి ఊరుకోవడం చేతకాదు. అడిగి తెలుసుకున్నాను. మన 1970 నాటి పేటెంటు చట్టంలో మొదటి హక్కు కనిపెట్టిన మనిషిదే. అతను రాసిస్తేనే ఇంకొకరికి పోతుంది. జీతగాడు కనిపెట్టినది ఎవరిదన్న సంగతి చట్టం విడిగా చెప్పదు గనక విశ్వవిద్యాలయాలు ఎవరి నియమం వారు రాసుకుంటాయి. జీతం మాది, ప్రయోగశాల మాది, కరెంటు మాది, కాబట్టి హక్కు మాది, రాబడి వస్తే నీకింత వాటా అని. మావాడు ఉద్యోగంలో చేరిననాడే ఆ కాగితంమీద సంతకం పెట్టాడు, చదవకుండా. నవ్వకండి, పెళ్ళిమంత్రాలు మనం అర్థం తెలుసుకునే విన్నామా?

ఆ కాగితాల్లో ఒక్క క్రియాపదం ఎంత పని చేస్తుందో చూడండి. అమెరికాలో 1980లో బే-డోల్ చట్టం వచ్చి, ప్రభుత్వ డబ్బుతో చేసిన పరిశోధనలకి పేటెంట్లు విశ్వవిద్యాలయాలే ఉంచుకోవచ్చంది. ఆ ధీమాతో ఉన్న స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం, రక్తంలో ఎయిడ్స్ వైరస్‌ని కొలిచే పరీక్ష విషయమై రోష్ కంపెనీతో కోర్టుకెక్కింది. పరిశోధకుడు స్టాన్‌ఫర్డ్‌కి "హక్కు ఇవ్వడానికి ఒప్పుకుంటున్నాను" అని రాసిచ్చాడు. తరవాత పని నేర్చుకోవడానికి వెళ్ళిన సీటస్ కంపెనీకి "ఇందుమూలంగా ఇస్తున్నాను" అని రాసిచ్చాడు. ఆ పరీక్షల వ్యాపారాన్ని సీటస్ నుంచి రోష్ కొనుక్కుంది. ఇస్తానన్న మాట వీగిపోయి ఇస్తున్నానన్న మాట నిలిచింది. 2011లో సుప్రీంకోర్టు కూడా, డబ్బు ప్రభుత్వానిదైనంత మాత్రాన హక్కు దానంతటదే విశ్వవిద్యాలయానికి పోదు, మొదట అది కనిపెట్టినవాడిదే అని తేల్చేసింది. వ్యాకరణం చదివితే తిండి పెట్టదని మా నాన్నగారు అనేవారు. ఆయనకీ సంగతి తెలిస్తే బావుండేది.

అక్కయ్యకి ఇదంతా పట్టలేదు. "మన పాలెంల సార్లు ఎన్ని గింజలు తీసిండ్రు. నాదని ఎవరన్న కొట్లాడిండ్రా?" అంది.

పాలెం పరిశోధనా స్థానం ఈ మండలంలోనే ఉంది, జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయానిది. పి.సి.హెచ్. 111 ఆముదం, పాలెం కంది అనే పి.ఆర్.జి. 158 అక్కడ పుట్టినవే. ఆ పేర్లలో 'పి' అంటే ఊరు, మనిషి కాదు. మన దేశంలో విత్తనానికి పేటెంటు లేదు. 2001 నాటి చట్టంకింద కొత్త వంగడాన్ని నమోదు చేయించుకుని హక్కు పొందవచ్చు. అయినా రైతు గింజ దాచుకుని మళ్ళీ విత్తుకోవచ్చు, పక్కవాళ్ళకి ఇవ్వచ్చు, బ్రాండు వెయ్యకుండా అమ్ముకోనూవచ్చు. అక్కయ్య కందులు బూడిద కలిపి కుండలో దాచి మూడిళ్ళకి పంచుతుంది. ఆముదం మాత్రం సంకరం, ఏటా కొనాల్సిందే. దాని తాళం గింజలోపలే ఉంది. ఇన్నేళ్ళూ ఆ చేలల్లో ఎండకి నిలబడ్డ సార్లు పైకి అనకపోయినా మనసులో ఒక్కసారైనా 'నాది' అనుకుని ఉండరా? అనుకుంటే తప్పేమిటి? ఆ మాటకొస్తే మావాడి ఉక్రోషం నాకు న్యాయంగానే తోచింది.

అప్పుడే అక్కయ్య ఇంకో మాట అంది. "మరి అవ్వ పేరు ఏడ రాసినవ్‌రా?"

వాడు తల దించుకున్నాడు. ఆముదాలు ఒలిచే కూలి అవ్వ ఒకామె, చెక్కకి పాత సైకిలు టైరు ముక్క కొట్టి, దాంతో కాయలు రుద్దడం చూశాకే వాడికి రబ్బరు ఆలోచన వచ్చిందట.

"రాస్తే పేటెంటే రాదేమో చిన్నమ్మా. ముందునుంచీ నలుగురి ఎదుట వాడుతున్నదైతే కొత్తది కాదంటారు."

నాకు పసుపు సంగతి గుర్తొచ్చింది. గాయాలు మాన్పడానికి పసుపు వాడడంమీద మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి 1995లో అమెరికా పేటెంటు ఇచ్చింది. కనిపెట్టామన్న ఇద్దరూ ఇక్కణ్ణించి వెళ్ళినవాళ్ళే. మన సి.ఎస్.ఐ.ఆర్. పాత గ్రంథాలు చూపించి పోరాడితే 1997లో రద్దయింది. మన పోపులపెట్టె గెలిచిందని అప్పుడు ఎంత సంబరపడ్డాం! ఇప్పుడు అదే న్యాయం మా ఇంటి గడపలో నిలబడితే గొంతు పెగలలేదు. అవ్వ మాట చెబితే పిల్లవాడి మూడేళ్ళ శ్రమకి ఎసరు. చెప్పకపోతే అవ్వ లేనట్టే.

వాడికి నీతి చెప్పబోయి ఆగిపోయాను. పదేళ్ళ కిందట ఇదే ఇంట్లో గిన్నెలు తోమే ఆమె తన బతుకంతా నాకు చెప్పుకుంది. పేర్లు మార్చి నవల చేశాను. పారితోషికం నాకే వచ్చింది, సర్వహక్కులూ రచయిత్రివని మొదటి పేజీలో అచ్చయింది. "నా ముచ్చట జర చదివి వినిపియ్యమ్మా" అని ఆమె ఒకసారి అడిగితే బస్సు వేళయిందన్నాను.

సాయంత్రం అవ్వ పండగ మామూలుకి వచ్చింది. అక్కయ్య సకినాలు కొంగులో పోస్తుంటే, మావాణ్ణి చూసి మొహం విప్పారింది.

"ఏం బిడ్డా, నా టైరు పలక కొంటవోయి రెండేండ్లాయె. ఆముదాలు ఒల్వనీకి చెప్పుముక్కతోని గోసపడుతున్న. జర తెచ్చియ్యి."

వాడు దరఖాస్తు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "వచ్చే ఐతారం తెస్తనవ్వా" అన్నాడు.