ఒంట్లో బాగుందని అబద్ధం చెప్పొచ్చా?



మా రొంపిచెర్లలో ఆదివారం సాయంత్రం త్రిశరణం, పంచశీల చెప్పుకున్నాక కాసేపు కూర్చుని మాట్లాడుకుంటాం. ఎవరికి ఏ సందేహం ఉంటే అది అడగొచ్చు. ఒక ఆదివారం నాలుగో శీలం, అంటే అబద్ధమాడకుండా ఉండే శీలం మీద మాట్లాడుతుంటే మా అన్న కూతురు చెయ్యెత్తింది. పిల్లకు పదమూడేళ్ళు.

"బాబాయ్, ఎవరికీ నష్టం లేని అబద్ధం చెప్తే గూడా శీలం తప్పినట్టేనా?"

"ఏ అబద్ధం అమ్మా?" అన్నాను.

"ఒంట్లో బాగలేకపోయినా బాగుందని చెప్పటం."

ఎవరం మాట్లాడలేదు. ఆ పిల్ల ఎందుకు అడుగుతుందో అక్కడున్న అందరికీ తెలుసు. ఆ ప్రశ్నకు ఆరోజు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. ఆ తర్వాత చాలా రోజులు ఆలోచించి ఇది రాస్తున్నాను.

పాపకు తలసీమియా. ఐదో నెలలోనే పాలు సరిగా తాగేది కాదు, ఒళ్ళు పాలిపోయింది, పొట్ట ఎత్తుగా ఉండేది. కడుపులో బల్ల అన్నారు ఒకరు, దిష్టి అన్నారు ఒకరు. తాయెత్తు కట్టారు. రక్తం తక్కువగా ఉందని ఐరన్ టానిక్ పోశారు. ఏడాది నిండాక గానీ అసలు పరీక్ష జరగలేదు. అప్పటినుంచి మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించాల్సిందే. ఉదయం మొదటి బస్సుకు బయల్దేరితే రాత్రికి ఇల్లు చేరతారు. వెళ్ళిన రోజు అన్నకు కూలి పోయినట్టే.

మొన్న మిరపకాయ కోతల కాలంలో జరిగింది ఇది. కోతలు ముమ్మరంగా ఉన్నాయి, ఏడాదిలో నాలుగు డబ్బులు కనపడేది అప్పుడే. పాపకు రక్తం ఎక్కించాల్సిన తేదీ వచ్చింది. "ఎట్టా ఉందమ్మా?" అని వాళ్ళ నాన్న అడిగితే "బానే ఉంది నాన్నా, వచ్చే వారం పోదాం" అంది. వారం పోయాక మళ్ళీ అదే మాట. బడిలో మెట్లెక్కుతూ కూలబడిపోతే టీచరు ఫోను చేసింది. ఆసుపత్రిలో చూస్తే హిమోగ్లోబిన్ 5 దగ్గర ఉంది. రక్తం ఎక్కించే ముందు కూడా 9 కంటే తగ్గకుండా చూసుకోవాలని డాక్టర్లు చెప్తారు. తర్వాత అడిగితే పాప అన్నది ఒకటే: "చెప్తే నాన్న పని పోద్ది గదా."

ఇది స్వార్థంతో ఆడిన అబద్ధం కాదు. ప్రేమతో ఆడింది. అందుకే జవాబు చెప్పడం కష్టం.

ముందు ఈ జబ్బు ఏమిటో తెలుసుకుందాం. ఊపిరితిత్తుల నుంచి ప్రాణవాయువును ఒళ్ళంతా మోసేది ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్. దాన్ని తయారుచేయించే జన్యువులు తల్లి నుంచి, తండ్రి నుంచి వస్తాయి. వాటిలో ఒకటి మాత్రమే లోపంగా ఉంటే ఆ మనిషి వాహకుడు. అతను మామూలుగానే బతుకుతాడు, పొలం పని చేసుకుంటాడు, తనలో ఆ లోపం ఉన్నట్టు కూడా తెలియదు. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. వాహకులుగా పుట్టే అవకాశం సగం. ఏ లోపమూ లేకుండా పుట్టే అవకాశం మిగతా నాలుగో వంతు. మా అన్న చేసుకుంది మేనమామ కూతుర్నే. మేనరికంలో ఇద్దరికీ ఒకే తాత నుంచో అమ్మమ్మ నుంచో ఆ జన్యువు వచ్చి ఉండే అవకాశం ఎక్కువ. బయటి సంబంధమైనా రాకూడదని లేదు.

జబ్బున్న బిడ్డలో ఎర్రకణాలు సరిగా తయారుకావు, తయారైనవి తొందరగా నశిస్తాయి. మామూలు మనిషిలో ఒక ఎర్రకణం 120 రోజులు బతుకుతుంది. అందుకే వీళ్ళకు జీవితాంతం ఇంకొకరి రక్తం కావాలి. ఎక్కించిన ప్రతి సంచితో 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము ఒంట్లో చేరుతుంది. దాన్ని బయటికి పంపే దారి శరీరానికి లేదు. గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది. అందుకని రోజూ ఇనుము తీసే మాత్ర నీళ్ళలో కలిపి తాగాలి. సున్నపు నీళ్ళలాగా ఉంటుందని పాప మొహం చిట్లిస్తుంది.

ఇంత జరుగుతున్నా మా వీధిలో వినపడే మాట ఇంకొకటి ఉంది. "ఏ జన్మలో ఏం పాపం చేసిందో!" దీక్ష తీసుకుని 22 ప్రతిజ్ఞలు చెప్పిన ఇళ్ళలో కూడా ఈ మాట ఇంకా ఉంది. దేవుడి పటాలు తీసేశాం గానీ ఈ మాటను తీసేయలేదు.

సంయుత్త నికాయంలోని వేదనా సంయుత్తంలో మోలియసీవకుడనే పరివ్రాజకుడు బుద్ధుణ్ణి సరిగ్గా ఇదే అడిగాడు. మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వం చేసిన కర్మ వల్లనేనా అని. బుద్ధుడు ఎనిమిది కారణాలు చెప్పాడు. పైత్యం, శ్లేష్మం, వాతం, ఆ మూడూ కలవడం, రుతువులు మారడం, ఒంటిని సరిగా చూసుకోకపోవడం, బయటి నుంచి దెబ్బ తగలడం. కర్మ ఎనిమిదోది మాత్రమే. అన్నీ కర్మవల్లనే అనేవాళ్ళు తమ అనుభవానికీ, లోకానికి తెలిసిన సత్యానికీ దూరంగా పోతున్నారని తేల్చాడు. బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో ఇంకా ముందుకెళ్ళారు. బిడ్డకు శరీర లక్షణాలు తల్లిదండ్రుల నుంచి వస్తాయనేది విజ్ఞానశాస్త్రం చెప్పే మాట అనీ, పూర్వజన్మ కర్మ ఈ జన్మలోకి నడిచొస్తుందనే సిద్ధాంతం బుద్ధుడి ఆలోచనతో పొసగదనీ వాదించారు.

ఇంకో సంగతి. తలసీమియా, సికిల్ సెల్ జన్యువులు ఒకప్పుడు మలేరియా బాగా ఉన్న నేలల్లోనే ఎక్కువ. వాహకుడికి మలేరియాను తట్టుకునే శక్తి కొంత ఉంటుంది. ఆ జ్వరాలకు ఊళ్ళు ఖాళీ అవుతుంటే బతికి బట్టకట్టిన పూర్వీకుల గుర్తు ఇది. ఎవరి పాపమూ కాదు. 1956 అక్టోబరు 14న బాబాసాహెబ్ దీక్ష తీసుకున్న నాగపూర్ చుట్టుపక్కల విదర్భలో మన బౌద్ధ కుటుంబాల్లో సికిల్ సెల్ ఎక్కువగా ఉంది. మన మన్యంలో గిరిజనుల్లోనూ ఉంది. వాళ్ళంతా పాపులు, ఈ జబ్బు లేనివాళ్ళంతా పుణ్యాత్ములు అనడానికి ఏ మనసున్న మనిషికి నోరొస్తుంది?

కర్మ అనే మాట చేసే కీడు ఏమిటంటే, అది రోగి నోరు మూయిస్తుంది. నా తప్పు వల్లనే నాకీ జబ్బు అనుకున్న పిల్ల, నావల్ల అందరికీ కష్టం అనుకుంటుంది. అట్లా అనుకున్న పిల్ల నొప్పి దాస్తుంది.

ఇప్పుడు పాప ప్రశ్నకు వద్దాం. బుద్ధుడు తన కొడుకు రాహులుడికి చిన్నతనంలో అబద్ధం గురించే బోధించాడు. అద్దం ఎందుకుంటుందని అడిగాడు. చూసుకోవడానికి అన్నాడు రాహులుడు. అట్లాగే ఒక పని చేసేముందు, చేస్తున్నప్పుడు, చేశాక చూసుకోమన్నాడు: ఇది నాకు కీడు చేస్తుందా, ఎదుటివాళ్ళకు చేస్తుందా, ఇద్దరికీ చేస్తుందా? మాటకు కూడా ఇదే పరీక్ష. "బానే ఉంది నాన్నా" అనే మాటను ఆ అద్దంలో చూద్దాం. పాప గుండె మీద భారం పడింది. తండ్రికి ఒకరోజు కూలి మిగిలిందనుకుంటే ఐదు రోజులు ఆసుపత్రిలో పోయాయి. ఎవరికీ నష్టం లేదనుకున్న అబద్ధం ఇద్దరికీ నష్టం చేసింది. మనసులో ప్రేమ ఉన్నంత మాత్రాన మాట మేలు చేయదు.

అంగుత్తర నికాయంలో సేవ చేయడానికి వీలైన రోగికి ఉండే ఐదు లక్షణాలు చెప్పారు. తనకు మంచిదే చేస్తాడు. మంచిదాంట్లో కూడా మితం తెలిసి ఉంటాడు. మందు వేసుకుంటాడు. నొప్పిని ఓర్చుకుంటాడు. మిగిలినది ఇక్కడ మనక్కావాల్సింది: తన మేలు కోరి సేవ చేసేవాళ్ళకు జబ్బును ఉన్నది ఉన్నట్టు చెప్తాడు. పెరిగితే పెరిగిందని, తగ్గితే తగ్గిందని, అట్లాగే ఉంటే అట్లాగే ఉందని. మనం ఓర్పు అంటే చెప్పకుండా ఉండటం అనుకుంటాం. బుద్ధుడు ఓర్పునూ చెప్పడాన్నీ పక్కపక్కన పెట్టాడు. ఓర్చుకుంటూనే చెప్పాలి.

అయితే తప్పంతా పాప మీద వేస్తే నేను అన్యాయం చేసినవాణ్ణవుతాను. విరేచనాలతో తన మలంలోనే పడి ఉన్న ఒక భిక్షువు కథ మీకు తెలుసు. ఎవరూ ఎందుకు చూడట్లేదని బుద్ధుడు అడిగితే, నావల్ల భిక్షువులకు ఏ ఉపయోగమూ లేదు, అందుకే చూడట్లేదు అన్నాడతను. బుద్ధుడు ఆనందుడితో కలిసి స్వయంగా అతనికి స్నానం చేయించి మంచం మీద పడుకోబెట్టాడు. ఆ తర్వాత భిక్షువులందర్నీ పిలిచి, తనకు సేవ చేయాలనుకునేవాళ్ళు రోగికి సేవ చేయాలని బోధించాడు. రోగిని మందలించలేదు, సంఘాన్ని మందలించాడు. మన పల్నాడులోనే నాగార్జునకొండలో దొరికిన ఒక శాసనంలో 'విగతజ్వరాలయం' అనే మాట ఉంది. జ్వరం తగ్గినవాళ్ళు కోలుకునే చోటు అని అర్థం. రోగికి చోటివ్వడం ఈ నేల మీద బౌద్ధులకు కొత్త కాదు.

నిజం చెప్తే ఇంట్లో పొయ్యి వెలగదనే భయం ఉన్న పిల్లను నిజం చెప్పమనడం తేలిక. ఆ భయం పోగొట్టడమే మన పని. నాలుగో శీలం చెప్పేవాళ్ళకే కాదు, వినేవాళ్ళకు కూడా.

ఆ ఆదివారం తర్వాత పాపను కూర్చోబెట్టుకుని, ఒంట్లో రక్తం తగ్గుతుంటే నీకు ఎట్లా తెలుస్తుందని అడిగాను. రిపోర్టు కంటే ముందే తనకు తెలుస్తుందంది. "మెట్లెక్కితే గుండె దడదడా కొట్టుకుంటది. చెవుల్లో గుయ్యిమంటది. చదివిందే మళ్ళీ చదవాల్సొచ్చుద్ది. ఊరికే కోపమొచ్చుద్ది. అన్నం చూస్తే తినబుద్ధి కాదు." ఇదే గదా వేదనానుపస్సన! ఒంట్లో పుట్టే ప్రతి వేదననూ భయపడకుండా, దాచకుండా గమనించడం. పదమూడేళ్ళ పిల్ల ఎవరూ నేర్పకుండానే చేస్తోంది. మనం అడగలేదు, అంతే.

పెద్దలు చూడాల్సినవి కూడా ఉన్నాయి. మన నల్లటి ఒంటి మీద పాలిపోవడం తొందరగా కనపడదు. కింది కనురెప్ప లోపల, నాలుక, గోళ్ళు, అరచేతి గీతలు చూడాలి. కళ్ళు పచ్చబడటం, ఎడమ డొక్క కింద గట్టిగా ఉబ్బడం, ఈడుకు తగ్గ ఎదుగుదల లేకపోవడం, నుదురు, దవడ ఎముకలు ఎత్తుగా రావడం గమనించాలి. జ్వరమొస్తే ఆగొద్దు. పాలిపోయారని సొంతంగా ఐరన్ మాత్రలు ఇవ్వొద్దు, ముందు పరీక్ష చేయించాలి. తలసీమియా ఉన్న పిల్లలకు ఐరన్ మేలు కంటే కీడు ఎక్కువ చేస్తుంది.

పెళ్ళి సంబంధం చూసేటప్పుడు జాతకాలు మానేశాం, మంచిదే. ఆ స్థానంలో రక్తపరీక్ష పెట్టుకుందాం. హిమోగ్లోబిన్ ఏ2 పరీక్షతో వాహకులో కాదో తెలుస్తుంది. మేనరికమైతే తప్పకుండా చేయించాలి. వాహకులని తేలితే పిల్లను తక్కువగా చూడటానికి కాదు ఈ పరీక్ష. మనల్ని పుట్టుకతో తక్కువ చేసినవాళ్ళ పనిని మనం చేయకూడదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో తలసీమియా, సికిల్ సెల్, హిమోఫిలియా చేరాయి. ధ్రువపత్రం తీసుకోండి, అది దయ కాదు, హక్కు.

ఇంక రక్తం. పాపకు ఏడాదికి పాతిక సంచుల దాకా పడుతుంది. ఇచ్చినవాళ్ళు ఏ కులమో ఆ సంచి మీద రాసి ఉండదు. గ్రూపు ఒకటే రాసి ఉంటుంది. మన నీడ పడితే మైల అన్న ఊళ్ళలో, మన పిల్ల ఒంట్లో ఎవరెవరి రక్తమో కలిసి పారుతోంది. మన రక్తం కూడా అట్లాగే ఎవరింటి బిడ్డనో బతికించాలి. 18 ఏళ్ళు నిండి, 45 కిలోల బరువు, 12.5 హిమోగ్లోబిన్ ఉన్నవాళ్ళు ఇవ్వొచ్చు. మగవాళ్ళు మూడు నెలలకొకసారి, ఆడవాళ్ళు నాలుగు నెలలకొకసారి. ఏప్రిల్ 14న, అక్టోబరు 14న పూలదండలతో పాటు ఇదీ చేద్దాం.

ఇప్పుడు మా సంఘంలో వంతులు వేసుకున్నాం. ఒక్కోసారి ఒక్కొక్కరం పాపను తీసుకుని బస్సెక్కుతున్నాం. మా అన్న పనికి పోతున్నాడు. కిందటి వారం నా వంతు. బస్సులో పాప నా భుజం మీద తల వాల్చి, "బాబాయ్, ఇయ్యాల అస్సలు బాగలేదు" అంది.

ఆ మాట విని బాధపడ్డాను. కానీ ఆ పిల్ల నోట నిజం వచ్చినందుకు సంతోషించాను కూడా. మీ ఇంట్లో, మీ వీధిలో నొప్పి దాచుకుంటున్నవాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు. ఈ రాత్రికి వెళ్ళి అడగండి. చెప్పేదాకా పక్కన కూర్చోండి.

నమో బుద్ధాయ! జై భీమ్!