దామనపల్లి కనుమలో గీత

భగవద్గీత మూడో అధ్యాయంలో 33, 34 శ్లోకాలు పక్కపక్కనే ఉండి ఒకదానితో ఒకటి పేచీ పడుతున్నట్టుంటాయి. జ్ఞాని అయినా తన ప్రకృతి ఎటు లాగితే అటే నడుస్తాడు, నిగ్రహం ఏం చేయగలదు అంటుంది మొదటిది. రాగద్వేషాలకు లొంగవద్దంటుంది రెండోది. నడిపించేది స్వభావమే అయితే లొంగకుండా ఉండడం ఎవరి చేతిలో ఉంది? భాష్యాలు చాలానే ఉన్నాయి. నాకు మాత్రం ఈ ముడి విడిపోయింది చింతపల్లి మన్యం చరిత్రలో.

1922 నాటికి గిరిజనుల కోపానికి కారణాలు వెతకనక్కర్లేదు. అడవి చట్టాలు పోడుకు అడ్డుపడ్డాయి. నర్సీపట్నం–చింతపల్లి రోడ్డు పనిలో కూలి ఎగ్గొట్టారు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ పేరెత్తితే జనం మండిపడేవారు. ఆ కోపం ప్రకృతి. రావద్దంటే ఆగేది కాదు.

ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడింది. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మూడింట్లో కలిపి 26 తుపాకులు చిక్కాయి. చింతపల్లిలో ఒక్క పోలీసు ప్రాణమూ తీయలేదు. పట్టుకెళ్తున్నవాటి లెక్క స్టేషన్ డైరీలో రాసి రాజు సంతకం పెట్టాడు. కొల్లగొట్టడానికి వచ్చినవాడు రసీదు ఇస్తాడా!

అసలు పరీక్ష సెప్టెంబరు 24న, దామనపల్లి కనుమలో. పొంచి ఉన్న దళం, ముందు నడిచిన భారతీయ సిపాయిలను పోనిచ్చింది. వెనక వచ్చిన బ్రిటిష్ అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్‌లను కాల్చి చంపింది. దీన్ని అహింస అనను. రెండు ప్రాణాలు పోయాయి. కానీ గుండెలో కసి, చేతిలో తుపాకీ, ఎదురుగా అదే సర్కారు యూనిఫాం ఉన్నప్పుడు వేలు ఆగడం చిన్న విషయం కాదు. అప్పటికప్పుడు ఆలోచించుకుంటే ఆగేది కాదు. భారతీయుల జోలికి పోకూడదన్న కట్టడి ముందే ఉంది. తపస్సు చేసుకుంటూ కొండల్లో తిరిగిన రాజు, అంతకుముందే ఆ గిరిజనుల చేత కల్లు సారా మాన్పించే ప్రయత్నం చేశాడు, తగాదాలను పంచాయతీల్లో తేల్చుకోమన్నాడు. వేలికి పట్టుబడ్డ అలవాటు అక్కడిది.

ఉద్రేకం ముంచుకొచ్చిన క్షణంలో బుద్ధికి బలం తక్కువ. 33వ శ్లోకం ఆ క్షణం గురించి నిజమే చెబుతోంది. 34వది అంతకుముందున్న రోజుల గురించి చెబుతోందని నా అభిప్రాయం. మన స్వేచ్ఛంతా అక్కడే ఉంది.

1924 మే 7న రాజును పట్టుకుని, కొయ్యూరులో విచారణ లేకుండా కాల్చి చంపారు. చట్టాలూ కోర్టులూ ఉన్నది మాత్రం ఆ చంపినవారికే.