అలసిన తల్లికి శుభవార్త

సోదరీమణులారా! రంజాన్ నెల ముగిసి షవ్వాల్ నెలవంక కనిపించగానే ఇంటింటా ఆనందం వెల్లివిరుస్తుంది. ఒకరు ఖుర్ఆన్ రెండుసార్లు పూర్తిచేశామంటారు, మరొకరు ఒక్క తరావీహ్ కూడా తప్పలేదంటారు. ఆ మాటలు వింటూ చంకలో బిడ్డతో వంటింటి గుమ్మంలో నిలబడ్డ ఇల్లాలు మాత్రం మౌనంగా ఉండిపోతుంది. ఆమెకు ఈ నెలంతా సహరీ వండటం, ఇఫ్తార్ సర్దటం, బిడ్డకు పాలివ్వటం, తడిసిన బట్టలు మార్చటంతోనే గడిచిపోయింది. నిలబడి నమాజు చేద్దామంటే పసివాడు ఏడుస్తాడు. ఖుర్ఆన్ తెరిస్తే పెద్దవాడు వచ్చి పేజీ లాగుతాడు. "పెళ్ళికి ముందు ఎంత ఆరాధన చేసేదాన్ని! ఇప్పుడు అల్లాహ్‌కు దూరమైపోతున్నానేమో" అనే బాధ ఆమె మనసును తొలుస్తూ ఉంటుంది.

ఈ బాధ విశ్వాసం నుంచి పుట్టిందే, సందేహం లేదు. ఆరాధన పట్ల ప్రేమ లేనివారికి ఇలాంటి దిగులు కలగదు. కాని ఈ దిగులు వెనుక ఒక అపార్థం దాగి ఉంది. ముసల్లా మీద గడిపిన సమయమే ఆరాధన అనీ, ఉయ్యాల దగ్గర గడిపిన సమయం ప్రాపంచిక విషయమనీ మనం అనుకుంటున్నాం. దైవప్రవక్త ముహమ్మద్ (స) మనకు అలా నేర్పలేదు.

ఆయన (స) నమాజుకు నాయకత్వం వహిస్తున్నప్పుడు జరిగిన సంగతి చూడండి. సుదీర్ఘంగా నమాజు చేయించాలనే ఉద్దేశంతోనే ఆయన నిలబడేవారు. అంతలో వెనుక వరుసల్లో నుంచి ఒక పసిబిడ్డ ఏడుపు వినిపించేది. ఆ తల్లి మనసు ఎంత తల్లడిల్లుతుందో గ్రహించి ఆయన నమాజును కుదించేవారు. ఈ విషయం స్వయంగా ఆయనే చెప్పారని బుఖారీ గ్రంథంలో ఉంది. ఇక్కడ కాస్త ఆగి ఆలోచిద్దాం. మస్జిదె నబవీలో, దైవప్రవక్త (స) వెనుక, మహామహులైన సహాబాలు నిలబడి ఉన్న నమాజు అది. అలాంటి నమాజు నిడివి ఒక తల్లి ఆందోళనను బట్టి తగ్గింది. బిడ్డను మస్జిదుకు ఎందుకు తెచ్చావని ఆయన ఆమెను మందలించలేదు. (ఈనాడు మన మస్జిదుల్లో ఒక పసివాడు కేరుమంటే ఎన్ని తలలు కోపంగా వెనక్కి తిరుగుతాయో మనకు తెలియనిది కాదు.) తన మనుమరాలు ఉమామాను భుజం మీద ఎత్తుకునే ఆయన నమాజు చేయించారు. సజ్దాలోకి వెళ్ళేటప్పుడు దింపేవారు, లేచేటప్పుడు మళ్ళీ ఎత్తుకునేవారు. బిడ్డ కోసం నమాజు కుదించుకున్న తల్లి అపరాధభావంతో కుమిలిపోవలసిన అవసరం ఏముంది?

మరో సంఘటన హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించారు. ఒక పేదరాలు తన ఇద్దరు ఆడపిల్లలతో ఆమె ఇంటికి వచ్చింది. ఆయిషా (రజి) ఆమెకు మూడు ఖర్జూరాలు ఇచ్చారు. ఆ తల్లి పిల్లలిద్దరికీ చెరొకటి ఇచ్చి, మూడోది తాను తిందామని నోటి దాకా తీసుకెళ్ళింది. అది కూడా కావాలని పిల్లలు అడిగారు. ఆమె ఆ ఖర్జూరాన్ని రెండుగా చీల్చి చెరి సగం ఇచ్చేసింది. తాను ఏమీ తినలేదు. ఆయిషా (రజి) ఈ సంగతి చెప్పగా, ఆ ఖర్జూరానికి ప్రతిగా అల్లాహ్ ఆమెకు స్వర్గాన్ని ఖాయం చేశాడని దైవప్రవక్త (స) శుభవార్త వినిపించారు. ఇది ముస్లిం గ్రంథంలోని హదీసు.

ఆ స్త్రీ పేరేమిటో మనకు తెలియదు. ఆమె చేసిన పనిని ఆరాధన అని ఆమె కూడా అనుకొని ఉండదు. ప్రతి తల్లీ రోజూ చేసేదే అది. కూర తక్కువైతే పిల్లలకు వడ్డించి తాను పచ్చడితో సరిపెట్టుకోవటం, వేడి టీ చల్లారిపోయాక తాగటం, జ్వరపడ్డ బిడ్డ నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ తెల్లవారేదాకా కూర్చోవటం మన ఇళ్ళలో ఎవరూ లెక్కలోకి తీసుకోని పనులు. అల్లాహ్ దగ్గర మాత్రం సగం ఖర్జూరం కూడా లెక్కలోకి వచ్చింది. ఆచరణలు సంకల్పాలను బట్టే ఉంటాయని మనం చిన్నప్పటి నుంచీ వింటున్న హదీసు కదా! బిడ్డకు అన్నం కలిపేటప్పుడు "బిస్మిల్లాహ్" అని, ఇది నా ప్రభువు నాకు అప్పగించిన అమానత్ అని ఒక్కసారి మనసులో తలచుకుంటే చాలు. పని అదే, అలసట అదే, కాని అది వృథా పోలేదనే తృప్తి మిగులుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయక తప్పదు. గర్భిణి చేసే రెండు రకాతులు మామూలు స్త్రీ చేసే ఇన్ని రకాతులతో సమానమనీ, పాలిచ్చిన ప్రతి గుటకకూ ఇంత పుణ్యమనీ లెక్కలు కట్టిన సందేశాలు ఫోన్లలో తిరుగుతున్నాయి. వాటిలో చాలావాటికి ఆధారమే కనిపించదు. తల్లి గౌరవాన్ని చాటటానికి కల్పిత కథలు మనకు అవసరం లేదు. ప్రామాణికమైనవే పుష్కలంగా ఉన్నాయి.

దివ్య ఖుర్ఆన్ లుఖ్మాన్ సూరా 14వ ఆయతులో బలహీనత మీద బలహీనతను భరించి తల్లి బిడ్డను మోసిందని చెబుతుంది. ఆ బలహీనతను అల్లాహ్ దాచిపెట్టలేదు, తేలిక చేసి చెప్పలేదు. మర్యమ్ సూరాలో ఇంకా స్పష్టంగా ఉంది. పురిటి నొప్పులు హజ్రత్ మర్యమ్ (అ)ను ఖర్జూరపు మాను దగ్గరకు చేర్చాయి. ఇంతకు ముందే చనిపోయి ఉంటే ఎంత బాగుండేదని ఆమె వాపోయారు. సకల స్త్రీలలో ఎన్నుకోబడిన మహనీయురాలి నోట వచ్చిన మాట అది! దానికి జవాబుగా ఆమెకు చీవాట్లు రాలేదు. దుఃఖించవద్దన్న ఓదార్పు వచ్చింది. కాళ్ళ దగ్గర సెలయేరు, తలపైన తాజా ఖర్జూరాలు సిద్ధమయ్యాయి. తిను, తాగు, కన్నులు చల్లబరచుకో అన్న ఆదేశం వచ్చింది.

ఈ ఆయతులు చదివే మన ఇళ్ళలోనే కొన్నిచోట్ల బాలింతకు మంచినీళ్ళు ఎక్కువ ఇవ్వకూడదనే ఆచారం ఇంకా ఉంది. అది ధర్మమూ కాదు, వైద్యమూ కాదు. పాలిచ్చే తల్లికి మామూలు కంటే ఎక్కువ నీళ్ళు అవసరమని డాక్టర్లు చెబుతున్నారు. అలాగే, కాన్పు తర్వాత మొదటి కొన్ని రోజులు కారణం లేకుండా ఏడుపు రావటం చాలామంది తల్లులకు జరిగేదే. సాధారణంగా రెండు వారాల్లోపు అది సర్దుకుంటుంది. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే, బిడ్డ మీద ఆసక్తి కలగకపోతే, బతుకు మీద విరక్తి పుడితే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి. దాన్ని ఈమాన్ లోపమనో, గాలి సోకిందనో అనుకొని తాయెత్తుల వెంట తిరిగితే ఆ తల్లికి అన్యాయం చేసినవాళ్ళమవుతాం. మర్యమ్ (అ) అన్న మాటను ఖుర్ఆన్ ప్రళయదినం దాకా భద్రపరచింది. మన ఇంటి బిడ్డ అదే మాట అంటే "ఇలా అనవచ్చా?" అని గద్దించటం ఏం న్యాయం?

హజ్రత్ హాజిరా (అ) చరిత్ర అందరికీ తెలిసిందే. అయినా ఒక్క విషయం చెప్పుకుందాం. తిత్తిలో నీళ్ళు అయిపోయి, పసికందు ఇస్మాయీల్ (అ) దాహంతో గిలగిల కొట్టుకుంటుంటే ఆమె సఫా గుట్ట ఎక్కి చూశారు. ఎవరూ కనిపించలేదు. లోయలోకి దిగి, వస్త్రపు అంచు పైకెత్తి పట్టుకొని పరుగెత్తి మర్వా గుట్ట ఎక్కారు. అలా ఏడుసార్లు తిరిగారు. ఆ తర్వాతే జమ్‌జమ్ ఉబికింది. ఈనాడు హజ్, ఉమ్రాలకు వెళ్ళినవారు చేసే సయీ ఆ తల్లి నడకే. ఆమె పరుగెత్తిన చోట ఇప్పుడు పచ్చ దీపాలున్నాయి. అక్కడ వేగంగా నడవటం పురుషులకు సున్నత్, స్త్రీలు మామూలుగానే నడుస్తారు. రాజైనా, పండితుడైనా, కోటీశ్వరుడైనా అక్కడ బిడ్డ కోసం తల్లడిల్లిన ఒక తల్లిని అనుసరిస్తూ త్వరపడవలసిందే! నీళ్ళ కోసం తిరుగుతున్నప్పుడు తాను ఒక ఆరాధనా పద్ధతికి పునాది వేస్తున్నానని హాజిరా (అ) అనుకున్నారా? బిడ్డ దాహం తీర్చటం కోసమే కదా ఆ తపన.

ఇంతవరకు తల్లులతో మాట్లాడాం. తండ్రులకు కూడా ఒక మాట చెప్పాలి. బఖరా సూరా 233వ ఆయతులో రెండేళ్ళ పాలిచ్చే గడువు గురించి చెబుతూనే, ఆ తల్లి అన్నవస్త్రాల బాధ్యత తండ్రిపై ఉందని అల్లాహ్ నిర్ణయించాడు. బిడ్డ కారణంగా తల్లిని కష్టపెట్టరాదన్నాడు. గడువుకు ముందే పాలు మాన్పించాలన్నా ఇద్దరూ పరస్పర అంగీకారంతో, సంప్రదింపుతో చేయాలన్నాడు. పాలు మాన్పించటం వంటి చిన్న విషయంలోనే ఆమె సలహా అవసరమైతే, మిగతా విషయాల్లో ఆమె మాటకు ఎంత విలువ ఇవ్వాలి? దైవప్రవక్త (స) ఇంట్లో ఏం చేసేవారని అడిగితే, ఇంటివారి సేవలో ఉండేవారనీ, నమాజు వేళకు బయలుదేరేవారనీ ఆయిషా (రజి) చెప్పారు. తల్లి గొప్పదనం గురించి సభల్లో ఉపన్యసించి, ఇంటికొచ్చి గ్లాసెడు నీళ్ళు కూడా తానుగా ముంచుకోని భర్త ఈ హదీసును మళ్ళీ ఒకసారి చదువుకోవాలి.

హజ్రత్ ఫాతిమా (రజి) చేతులు తిరగలి విసిరి విసిరి నొప్పులు పుట్టాయి. తండ్రిగారి దగ్గరకు బందీలు వచ్చారని విని, పనికి ఒక సేవకుణ్ణి అడుగుదామని వెళ్ళారు. ఆయన (స) ఇంట్లో లేకపోవటంతో విషయం ఆయిషా (రజి)కు చెప్పి తిరిగి వచ్చారు. ఆ రాత్రి దంపతులిద్దరూ పడుకున్న తర్వాత దైవప్రవక్త (స) స్వయంగా వారింటికి వచ్చారు. లేవబోతుంటే వద్దని చెప్పి, ఇద్దరి మధ్యా కూర్చున్నారు. ఆయన పాదాల చల్లదనం తన గుండెకు తగిలిందని హజ్రత్ అలీ (రజి) గుర్తుచేసుకున్నారు. సేవకుని కంటే మేలైనది చెబుతానంటూ, పడక చేరినప్పుడు సుబ్‌హానల్లాహ్ 33 సార్లు, అల్‌హమ్దులిల్లాహ్ 33 సార్లు, అల్లాహు అక్బర్ 34 సార్లు పలకమని ఆయన (స) నేర్పారు. అలసిన కూతురిని ఆయన విసుక్కోలేదు. ఆమె అడిగింది ఇవ్వలేకపోయినా, ఆ రాత్రే వెతుక్కుంటూ వెళ్ళి పక్కన కూర్చున్నారు.

పిల్లలు నిద్రపోయాక ఈ వంద పలుకులకు పట్టే సమయం కొద్ది నిమిషాలే. లేచి వుజూ చేయనక్కరలేదు, బిడ్డను ఒడిలో నుంచి దింపనక్కరలేదు. చీకట్లో జోకొడుతూనే పలకవచ్చు. మధ్యలో కునుకు పట్టి లెక్క తప్పిందా, దిగులుపడకండి. హజ్రత్ అలీ (రజి) ఆ రోజు నుంచి దీన్ని ఎన్నడూ విడిచిపెట్టలేదని చెప్పేవారు. సిఫ్ఫీన్ యుద్ధం నాటి రాత్రి కూడానా అని ఒకరు అడిగారు. ఆ రాత్రి కూడా విడిచిపెట్టలేదన్నారు.