గుర్తుంచుకోవడం అమ్మేవాళ్లు

మనుషులు మరచిపోవడం వల్ల దెబ్బతిన్నవాళ్లే, మరచిపోనివ్వని సాఫ్ట్‌వేర్ కడతారేమో. రవితేజ దొడ్డ, యశ్వంత్ కుమార్ మొదట నడిపింది మొఎంగేజ్ కాదు, డిలైట్‌సర్కిల్ అనే యాప్. దగ్గర్లోని దుకాణాల్లో ఏ ఆఫర్లున్నాయో చూపించేది. యాప్‌ని జనం ఫోన్లలోకి చేర్చడం ఒక ఎత్తు, వాళ్లు దాన్ని మళ్లీ తెరవడం మరో ఎత్తు. ఆ రెండో బాధే 2014లో వాళ్లకి మొఎంగేజ్ అనే కొత్త కంపెనీ అయింది. దానికి ఒక ఏడాది ముందు, ముంబైలో, నెట్‌వర్క్18లో పనిచేసి బయటికొచ్చిన ఆనంద్ జైన్, సునీల్ థామస్, సురేశ్ కొండముది విజ్‌రాకెట్ అని ఒకటి మొదలుపెట్టారు. ఇప్పుడు దాని పేరు క్లెవర్‌ట్యాప్.

దొడ్డ, కొండముది లాంటి ఇంటిపేర్లు వినబడితే మన చెవి అటు తిరుగుతుంది. కోనసీమవాళ్లకైతే మరీను. ఏ ఊరండీ, ఎవరి తాలూకా అని అడిగేదాకా నిద్ర పట్టదు. నేను మాత్రం వాళ్ల ఊళ్ల జోలికి పోను. వాళ్లు చేసే పని గురించే నా ఆలోచనంతా.

ఆ పని ఇది. మీరు యాప్ ఎప్పుడు తెరిచారు, ఏ చీర దగ్గర ఆగారు, బుట్టలో వేసి ఎందుకు వదిలేశారు, ఏ కబురుకి స్పందించారు, ఏది తోసేశారు, ఇవన్నీ ఒకచోట పోగవుతాయి. మీలాంటివాళ్లని ఒక గుంపుగా కట్టి, మీరు ఫోన్ చూసే వేళకి ఒక మాట పంపుతారు. బ్యాంకులు, బట్టల కంపెనీలు, భోజనం తెచ్చిచ్చే యాప్‌లు ఈ సేవని కొనుక్కుంటాయి.

హైదరాబాద్‌లో రాజు వనపల 2006లో మొదలెట్టిన వే2ఎస్సెమ్మెస్ రోజులు దీనికంటే అమాయకమైనవి. అప్పటి డిగ్రీ కుర్రాళ్లు నెట్ సెంటర్లో కూర్చుని స్నేహితులకి ఉచితంగా పంపుకున్న మెసేజ్‌ల తోకకి ఒక ప్రకటన వేలాడేది. బేరం బాహాటంగానే ఉండేది: నీకు ఖర్చు లేదు, మాకు ఆ తోక చాలు. 2011లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ రోజుకి, సిమ్ముకి ఇన్ని మెసేజ్‌లేనని హద్దు పెట్టింది. మొదట వంద, ఆ తర్వాత రెండొందలు. అప్పుడు గోల ఎక్కువైందని మన ఫిర్యాదు. ఇప్పుడు గోల కాదు, మన పేరు పెట్టి మెల్లగా పిలుస్తున్నారు. ఇదే నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతోంది.

మా నాన్నగారు చనిపోయిన ఏడు సంక్రాంతి ముందు నా ఫోన్‌కి ఒక షోరూమ్ నుంచి కబురొచ్చింది: పోయిన పండక్కి మీరు తీసుకున్న పట్టుపంచె లాంటివే కొత్తవి వచ్చాయని. సమాచారంలో తప్పేమీ లేదు. పంచె కొన్న మాట నిజం, పండగ వస్తున్న మాటా నిజం. అదే వారం అమలాపురంలో మేం ఎప్పట్నుంచో బట్టలు తీసుకునే కొట్టాయన బజార్లో ఎదురుపడ్డాడు. "ఈ ఏడు మీకు పండగ లేదు కదండీ, అందుకే కబురెట్టలేదు. ఆయ్, ఇంట్లో అందరూ బావున్నారా?" అన్నాడు. ఆయనకీ పంచె గుర్తుంది. ఎప్పుడు మాట్లాడకూడదో కూడా తెలుసు.

ఇక్కడ ఆగిపోతే పల్లె మంచిది, యంత్రం చెడ్డది అనే పాత పాట అవుతుంది. అంబాజీపేట కొబ్బరి మార్కెట్ సంగతి తెలిసినవాళ్లు ఆ పాట పాడరు. అక్కడ దళారికీ అన్నీ గుర్తుంటాయి. ఏ రైతు కూతురి పెళ్లి పెట్టుకున్నాడో, ఎవరికి ఎరువుల కొట్లో బాకీ ఉందో, ఎవరు సరుకు ఆపుకోలేరో తెలుసు. తెలుసు కాబట్టే వెయ్యి కాయల ధర దగ్గర బిగుస్తాడు. మనిషి జ్ఞాపకం కూడా కత్తే. కొట్టాయన్ని నేను మెచ్చుకునేది ఆయనకి గుర్తున్నందుకు కాదు, గుర్తుండీ ఊరుకున్నందుకు.

ఊరుకోవడం మొఎంగేజ్, క్లెవర్‌ట్యాప్ ఫౌండర్లకి తెలియదని కాదు. ఒక మనిషికి ఇన్నికంటే ఎక్కువ మెసేజ్‌లు వెళ్లకుండా, రాత్రివేళ వెళ్లకుండా ఆపే ఏర్పాట్లు వాళ్ల సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నాయి. కాకపోతే ఆ మీట సేవ కొనుక్కున్న కంపెనీ చేతిలో ఉంటుంది, మన చేతిలో కాదు. ధర కట్టే పద్ధతి కూడా చూడండి. మొఎంగేజ్‌కి నెలనెలా గమనించే వినియోగదారుల సంఖ్యే లెక్క, క్లెవర్‌ట్యాప్‌కి నెలలో యాప్ వాడినవాళ్ల సంఖ్య. అంటే అద్దె మెసేజ్ మీద కాదు, తల మీద. నేను కొన్నా కొనకపోయినా ఆ లెక్కలో ఒక తలని.

అమెరికాలో బ్రయన్ హాలిగన్, ధర్మేష్ షా 2006లో హబ్‌స్పాట్ అనే మార్కెటింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టినప్పుడు వాళ్ల వాదం వేరు: జనం వెంట పడొద్దు, పనికొచ్చేది రాసిపెట్టండి, వాళ్లే వస్తారు. ఇందులో మర్యాద ఎక్కువని నా లెక్క. వచ్చినవాళ్ల చిరునామా తీసుకున్నాక మర్యాద ఎంత మిగులుతుందన్నది మళ్లీ వాడేవాళ్ల మీదే ఉంటుంది.

ట్రాయ్ చేయగలిగింది కొంత చేసింది. 2025 నుంచి వ్యాపార ఎస్సెమ్మెస్ పంపినవాళ్ల పేరు చివర ఒక అక్షరం వస్తోంది. పి అంటే ప్రకటన, ఎస్ అంటే సేవ, టి అంటే లావాదేవీ, జి అంటే ప్రభుత్వం. పి వద్దనుకుంటే 1909కి చెప్పుకోవచ్చు. యాప్ నుంచి వచ్చే నోటిఫికేషన్లకి ఈ నియమం లేదు.

అమలాపురం, రాజోలు, కొత్తపేట నుంచి ఇంజనీరింగ్ చదివి హైదరాబాద్, బెంగళూరు వెళ్తున్న పిల్లలు రేపు ఇలాంటి కంపెనీలే పెట్టొచ్చు. పెట్టండి, సంతోషమే. ఒక్కటి అడుగుతాను. మీ సాఫ్ట్‌వేర్‌లో "ఈ ఏడు మాకు పండగ లేదు" అనే గడి ఒకటి పెట్టండి, మీట కస్టమర్ చేతికివ్వండి. దాని పేరు ఇంగ్లిషులో ఏం పెట్టుకుంటారో మీ ఇష్టం. అది నొక్కినవాళ్ల జోలికి ఏడాదిపాటు ఎవరూ పోకూడదు.