కార్తీక ఆదివారం

ప్రత్తిపాడు వైపు ఒక ఊళ్ళో బావా బావమరుదులు ఉండేవారు. పత్తి మొదటి తీత అయిపోయింది. కాస్త తెరిపి దొరికింది.

"ఆదివారం వ్యాన్ మాట్లాడానురా. శ్రీశైలం మల్లన్న దర్శనం, దారిలో తుమ్మలబైలులో జీపెక్కితే పులి. ఒక్కరోజులో రెండు పనులూ అవుతాయి" అన్నాడు బావ.

"కార్తీక సోమవారం అభిషేకానికి జనమంతా ఆ రోజే కదులుతారు బావా. బుధవారం పోదాం."

"నలుగురితో పోతేనే సరదా" అని బావ బయల్దేరాడు.

దోర్నాల దాటగానే బండ్లు బారులు కట్టాయి. జీపు వంతు వచ్చేసరికి పొద్దు వాలింది. ముందు జీపు లేపిన దుమ్ము, వెనక హారన్లు, పిల్లల కేకలు. చిప్స్ ప్యాకెట్లు చించుకుంటున్న కోతులు తప్ప ఏమీ కనపడలేదు. "అక్కడ పులీ లేదు, ఏమీ లేదు" అన్నాడు ఇంటికొచ్చి.

బావమరిది మరుసటి వారం, పనిరోజున వెళ్ళాడు. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా జంతువుల కోసం ఆ ఘాట్ రోడ్డు మూసేస్తారు కాబట్టి దోర్నాలలోనే పడుకుని, గేటు తీసే వేళకి అక్కడున్నాడు. జీపులో తోడొచ్చిన చెంచు గైడు కాసేపటికి డ్రైవరు భుజం తట్టాడు. ఇంజిను ఆగింది. పొదల అంచున ఒక దుప్పి తోక నిక్కించి, ముందుకాలితో నేలను తట్టి అరిచింది. చెట్టు మీది కొండముచ్చు దగ్గినట్టు బదులిచ్చింది. మంచుకు తడిసిన బాట మీద టైరు చారల్ని దాటుకుంటూ అడుగులు; వాటి అంచులు ఇంకా రాలలేదు. ఒక అడుగు మీద గైడు చెయ్యి పెట్టి చూపించాడు. అరచెయ్యి చాల్లేదు.

"అయితే నీకూ కనపడలేదుగా!" అన్నాడు బావ.

"కనపడలా. కానీ లేదని మాత్రం అనను."

నీతి: అడవికి అందరూ వెళ్ళే రోజున వెళ్ళినవాడికి కనిపించేది జనమే.

ఇది మన రైతులకు తెలియని సంగతి కాదు. అందరి మిర్చి టిక్కీలూ ఒక్కసారే గుంటూరు యార్డుకు చేరితే ధర ఏమవుతుందో తెలిసినవాడు, సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆగుతాడు. ఆ ఓపిక అడవి దగ్గర ఎందుకు ఉండదు? 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చిన నాగార్జునసాగర్–శ్రీశైలం దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం. అంత అడవిలో మనకు తెరిచిన బాటలు కొన్నే. ఆదివారం బండ్లన్నీ వాటి మీదే తిరుగుతాయి. ఆ మోతకు దుప్పి నీళ్ళ దగ్గరికి రాదు, దుప్పి రానిచోటికి పులి రాదు. శివరాత్రికి వెళ్ళేవాళ్ళు మల్లన్న కోసమే వెళ్ళాలి, ఆ రోజు అడవిని ఇంకేమీ అడగకూడదు.

అంత దూరం కుదరనివాళ్ళకు గుంటూరు పక్కనే ఉప్పలపాడు చెరువుంది. చలికాలంలో ఒక పనిరోజు, పిల్లల్ని బడికి పంపేలోపే తీసుకెళ్ళి, తుమ్మచెట్ల మీది గూడబాతుల్నీ ఎర్రకాళ్ళ కొంగల్నీ చూపించవచ్చు.