కృతజ్ఞతాస్తుతి

లాభము గలిగినపుడు దేవుని స్తుతింతుము. నష్టము వచ్చినపుడు మౌనము వహింతుము. ఇది బేరమేగాని భక్తిగాదు.

జర్మనీదేశమున ఐలెన్‌బుర్గు పట్టణమందు మార్టిన్ రింకార్టను క్రైస్తవ బోధకుడుండెను. 1618 మొదలు 1648 వఱకు ఆ దేశమును మహాయుద్ధము పీడించెను. 1637లో ఆ పట్టణమున మహామారి చెలరేగెను. తోటి బోధకులలో నొకడు పట్టణమును విడిచిపోగా, ఇరువురు మరణించిరి. మిగిలిన రింకార్టు నాలుగువేలకు మించిన మృతులకు అంత్యప్రార్థనలు జరిపెను. వారిలో నాతని భార్యయు నొకతె. పిదప క్షామము రాగా, తన యింట నున్న యాహారమును ఆకలిగొన్నవారికి బంచిపెట్టెను.

నేటికిని క్రైస్తవులు పాడుకొను ప్రసిద్ధ కృతజ్ఞతాగీతము నీతడే రచించెను. అది మొదట భోజనసమయ ప్రార్థనగా వ్రాయబడినది. పాడిన నోటికిని పంచిన చేతికిని ఎడము లేకుండుటయే యాతని భక్తికి ప్రమాణము.

కావున మనమును అనుదినము భోజనమునకు ముందు, అడుగకయే లభించిన యూపిరిని, వెలుతురును, అన్నమును ఒక్కొక్కటిగ స్మరించి దాతకు వందనమొనర్తము. అంతట ఆ యన్నమునుండి యొక పిడికెడు పరుల కిడుదము. దుఃఖమునందును ఈ యభ్యాసమును విడువని హృదయమును దయామయుడు మనకు ననుగ్రహించుగాక!